స్క్రూ విప్పితేనే సిగ్నల్

పాత ల్యాప్‌టాప్‌ల పక్కన సన్నటి అర ఒకటి ఉండేది. దాన్ని ఆనుకుని ఉన్న మీట నొక్కితే లోపలినుంచి ఒక ప్లాస్టిక్ బిళ్ళ బయటికి తోసుకొచ్చేది. దుమ్ము దూరకుండా కంపెనీవాళ్ళు పెట్టి పంపిన ఉత్తుత్తి కార్డు అది. దాన్ని తీసి అసలు కార్డు పెట్టించుకోవడం ఒకప్పుడు మా ఊళ్ళో డబ్బిచ్చి చేయించుకునే పని. ఈమధ్య మా అన్న కూతురు కాలేజీకని కొన్న ల్యాప్‌టాప్‌ను నాలుగు పక్కలా తిప్పి చూశాను. అర లేదు, నెట్ వైరు గుచ్చే చోటు లేదు, సీడీ పెట్టే గూడు లేదు. “ఏం దేవులాడుతున్నవ్ కాకా?” అంది. వైఫై కార్డు ఎక్కడ పెడతారో చూస్తున్నానన్నాను. “వైఫైకి కార్డేంది?” అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది.

దానికి జవాబు ఒక మాటలో అయ్యేది కాదు. కార్డుతో పాటు ఒక దుకాణం, ఒక బల్ల, కొన్ని చప్పుళ్ళు, ఒక రకం చదువు కూడా వెళ్ళిపోయాయి. వాటి సంగతి రాసి పెడదామనే ఇది.

సరుకు వచ్చిన దారి

మాది చిట్గుప్ప. బీదర్ జిల్లాలో, హుమ్నాబాద్‌కు దగ్గరగా, హైదరాబాద్ నుంచి పుణె వెళ్ళే రహదారికి కాస్త పక్కకు ఉంటుంది. 1956లో రాష్ట్రాలను విడదీసినప్పుడు నిజాం కాలపు బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, ఉద్గీర్ వైపు బొంబాయి రాష్ట్రానికి పోయింది, మేము మైసూరుకు వచ్చాం. గీత కాగితం మీద పడింది గానీ సరుకు దారి మారలేదు. బెంగళూరు మాకు దాదాపు 700 కిలోమీటర్లు. హైదరాబాద్ 150 లోపే. అందుకని పెళ్ళి బట్టలైనా, పంపుసెట్టు విడిభాగాలైనా, ల్యాప్‌టాప్ కార్డయినా అటునుంచే రావాలి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో దక్కనీ మాట్లాడే మాలాంటివాళ్ళకు ఇందులో వింతేమీ అనిపించలేదు.

మేము ఉస్తాద్ అని పిలుచుకునే పెద్దాయన దుకాణం బజార్లో ఉండేది. మొదట రేడియోలు, తర్వాత టేప్‌రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు, చివరకు కంప్యూటర్లు. సామాను మారినా బల్ల మారలేదు. సోల్డరింగ్ ఇనుము మొనతో కాలిన మచ్చలు దాని నిండా ఉండేవి. కాలేజీ అయిపోయాక నేను అక్కడ చేతిసాయంగా కూర్చునేవాణ్ణి.

ఉస్తాద్ అప్పుడప్పుడు తెల్లవారుజామున బస్సెక్కి సికింద్రాబాద్ వెళ్ళేవాడు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే చాలు, అందరికీ తెలుసు. మెట్ల పక్కన కూడా దుకాణాలే. మదర్‌బోర్డులు, పాత హార్డ్‌డిస్కులు, కట్టలు కట్టలుగా ఛార్జర్లు. హైదరాబాద్ కంపెనీలు వాడి వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు అక్కడ లాట్ల కింద దొరికేవి. మా ఊరికి చేరినవి ఎక్కువగా అవే. కొన్నింటికి బ్యాటరీ ఉండదు, కొన్నింటికి ఒక బటన్ ఊడి ఉంటుంది. చాలావాటికి వైఫై ఉండదు. యంత్రం మా దగ్గరికి సగమే వచ్చేది. మిగతా సగం మా బజార్లో తయారయ్యేది.

ముందు సీడీ, తర్వాత కార్డు

పక్క అరలో పెట్టే కార్డు పేరు పీసీఎంసీఐఏ. 1989లో ఏర్పడిన ఒక తయారీదారుల సంఘం పేరులోని పొడి అక్షరాలవి. ఆ పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. దుకాణంలో దాన్ని ‘సైడ్ కార్డు’ అనేవాళ్ళం. పొడవూ వెడల్పూ ఏటీఎం కార్డంత, మందం 5 మిల్లీమీటర్లు. లోపలికి తోసినా దాని చివర నల్లటి బుడిపె బయటే ఉండేది. యాంటెన్నా అందులోనే. పిల్లలు ల్యాప్‌టాప్‌ను సంచిలోంచి లాగినప్పుడు మొదట విరిగేది కూడా అదే.

కార్డు డబ్బా మీద పెద్ద హెచ్చరిక ఉండేది: ముందు సీడీ వేయండి, తర్వాతే కార్డు పెట్టండి. ఆత్రంతో కార్డు ముందే పెట్టేస్తే విండోస్ ఎక్స్‌పీ తనకు తోచిన డ్రైవర్‌ను, అంటే కార్డును నడిపే ప్రోగ్రాంను, అంటగట్టేది. దాన్ని పెరికి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. అన్నీ సరిగ్గా చేస్తే రెండు స్వరాలు పైకెక్కుతూ మోగేవి. కార్డును గుర్తుపట్టినట్టు. తేడా వస్తే ఒకే మొద్దు చప్పుడు వెంటవెంటనే మూడుసార్లు వచ్చేది. ఉస్తాద్ తెరకేసి చూడకుండానే, వేరే పని చేసుకుంటూ, ఆ చప్పుడును బట్టి “నై హువా” అనేవాడు.

డబ్బా మీద పేరు చూసి కొంటే చాలదు. ఒకే పేరు, ఒకే బొమ్మ, ఒకే ధర. వెనక చీటీ మీద వెర్షన్ అక్షరం మారితే లోపలి చిప్ వేరే కంపెనీది అయ్యేది. ఒకదాంట్లో ఆథెరాస్, ఇంకోదాంట్లో బ్రాడ్‌కామ్, మరోదాంట్లో రియల్‌టెక్. ఒకదాని డ్రైవర్ ఇంకోదానికి పనికిరాదు. ఉస్తాద్ దగ్గర సీడీల పర్సు ఉండేది. ప్రతి సీడీ మీద మార్కర్‌తో ఉర్దూలో ఏదో రాసుకునేవాడు. అందులో ఏది ఎక్కడుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరు మొత్తానికి అదే డ్రైవర్ల గ్రంథాలయం.

మూత తీశాక

కొంచెం కొత్త ల్యాప్‌టాప్‌లలో కార్డు లోపల పెట్టాలి. 2003 మార్చిలో ఇంటెల్ ‘సెంట్రినో’ పేరుతో ప్రాసెసర్నూ వైఫైనీ జంటగా అమ్మడం మొదలుపెట్టింది. అప్పటినుంచి అడుగున ఒక చిన్న తలుపు, దాని కింద మినీ పీసీఐ అనే గాడి మామూలైపోయాయి. చవక మోడళ్ళలో ఆ గాడి ఖాళీగా వచ్చేది. దాన్ని నింపడమే మా పని.

పనికో వరస ఉండేది. “పహెలే బ్యాటరీ నికాల్” అనేది మొదటి మాట. ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోవాలి, మిగిలిన కరెంటు పోవడానికి. తర్వాత ఇనుప బల్లనో కిటికీ ఊచనో ముట్టుకోవాలి. చలికాలంలో ఒంటిమీది స్వెటర్ రాపిడికి పుట్టే కరెంటు చిప్‌ను చంపేస్తుందని ఉస్తాద్ భయం. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికే. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే బోర్డు చీలుతుంది. అందుకని తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు భాగం గీసి, ఎక్కడి స్క్రూను అక్కడ గుచ్చి పెట్టేవాడు. ప్లాస్టిక్ అంచులు విడదీయడానికి పాత రీఛార్జ్ కార్డు. దుమ్ముకు పెయింటు బ్రష్షు. పరికరాలంటే ఇంతే.

గాడిలో కార్డును ఏటవాలుగా దించి కిందికి అదిమితే రెండు పక్కలా కొక్కేలు ‘టక్’మని పట్టుకునేవి. అసలు పరీక్ష ఆ తర్వాత. తెర అంచులో దాగిన యాంటెన్నాల నుంచి రెండు సన్నటి తీగలు మడతబందుల గుండా కిందికి వస్తాయి. ఒకటి ప్రధానం, ఇంకోటి తోడు. వాటి కొసన ముక్కుపుడక కంటే చిన్న బంగారు రంగు బొత్తాం. దాన్ని కార్డు మీది మొలక మీద సరిగ్గా నిలబెట్టి గోటితో నొక్కాలి. ‘టిక్’ అని వినిపించిందా, కూర్చున్నట్టు. వినిపించకపోతే ఎంత నొక్కినా లాభం లేదు, మొలకే వంగుతుంది. ఈ రకం బొత్తాం 30 సార్లు పెట్టి తీయడానికే అని తయారీదారుల కాగితాల్లో రాసి ఉంటుంది. కుర్రాళ్ళు ఆత్రపడితే ఉస్తాద్ చేతి మీద చిన్న దెబ్బ వేసేది అందుకే.

ఇంత చేశాక కొన్ని ల్యాప్‌టాప్‌లు మొండికేసేవి. వాటి బయోస్‌లో, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాంలో, తమకు నచ్చిన కార్డుల జాబితా ఒకటి రాసి ఉంటుంది. జాబితాలో లేని కార్డు కనబడితే ‘అనుమతి లేని కార్డు పెట్టారు, తీసేయండి’ అని తెర మీద రాసి అక్కడే ఆగిపోయేవి. కార్డు మంచిదే, గాడి మంచిదే. పేరు లేదు కాబట్టి లోపలికి రానివ్వదు. “ఎందుకట్ల భాయ్?” అని అడిగిన రైతుకు ఉస్తాద్ రెండు ముక్కల్లో చెప్పేవాడు: “వాళ్ళ దగ్గరే కొనాలని.”

కొన్నిసార్లు ఏమీ విప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. ల్యాప్‌టాప్ ముందు అంచున గోరంత జారుడు స్విచ్ ఉంటుంది, వైఫైని ఆపడానికి. సంచిలో పెట్టేటప్పుడు అది జరిగిపోతుంది. హుమ్నాబాద్ నుంచి బస్సులో వచ్చినవాళ్ళకు ఉస్తాద్ ఆ స్విచ్‌ను వేలితో జరిపి, నీలం దీపం చూపించి, చాయ్ తాగించి పంపేవాడు. డబ్బు తీసుకునేవాడు కాదు.

తాళం చెవి

కార్డు పెట్టగానే నెట్ రాదు. ఇంటికి వెళ్ళి రూటర్‌తో కలపాలి. బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ 2005 జనవరిలో మొదలైంది. మా ఊరికి చేరడానికి ఇంకొంత కాలం పట్టింది. ఆ 2005 జనవరిలోనే, లైసెన్సు అక్కర్లేకుండా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో వాడుకోవచ్చని కేంద్రం నియమాలు తెచ్చింది. ఇంటి పైన రెండు వేళ్ళంత యాంటెన్నా నిలబెట్టుకోవడానికి ఢిల్లీలో ఎవరో సంతకం పెట్టాల్సి వచ్చిందంటే ఇప్పటివాళ్ళు నమ్మరు.

మా పాత ఇళ్ళవి రాతి గోడలు. వేసవిలో చల్లగా ఉంటాయి గానీ సిగ్నల్‌ను మింగేస్తాయి. అందుకని ఉస్తాద్ ల్యాప్‌టాప్‌లో, రూటర్ పలుకుతోందో లేదో చూసే పింగ్ ఆదేశాన్ని ఆగకుండా నడిపిస్తూ, దాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. వరసలు గబగబా పైకి పోతుంటే సిగ్నల్ ఉన్నట్టు, ‘టైమ్డ్ అవుట్’ అని వస్తే గోడ అడ్డం పడినట్టు. ఆయన వెనక నేను, నా వెనక ఇంటి పిల్లలు, వాళ్ళ వెనక చేతులు కొంగుకు తుడుచుకుంటూ అవ్వ. దేవుడి గదిలో సిగ్నల్ వచ్చి చదువుకునే గదిలో రాకపోతే, రూటర్ సజ్జ మీదినుంచి తలుపు పైకి, తలుపు మీదినుంచి మిద్దె మెట్ల దగ్గరికి ఊరేగేది.

అన్నీ బాగున్నా కొన్ని అమెరికా ల్యాప్‌టాప్‌లకు పక్కనే ఉన్న రూటర్ కనబడేది కాదు. దాని కారణం తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ఆ దేశానికి చేసిన కార్డులు సాధారణంగా 11వ ఛానెల్ దాకానే వెతుకుతాయి. మన దగ్గర రూటర్ 12లోనో 13లోనో కూర్చోవచ్చు. రూటర్‌ను 1, 6, 11లలో ఒకదానికి జరిపితే రెండూ పలకరించుకునేవి. 11 దాకా లెక్కిస్తే ఒకదాని మీద ఒకటి పడని మూడు ఛానెళ్ళు కూడా ఇవే.

చివరిది తాళం. అప్పట్లో వెప్ అనేవాళ్ళు. సున్నా నుంచి తొమ్మిది, ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న గుర్తుల్లోంచి పది ఏరుకుని తాళంచెవి తయారుచేయాలి. గట్టి తాళమైతే 26. తిథులూ రాహుకాలాలూ ఉన్న గోడ క్యాలెండర్ వెనక దాన్ని రాసి పెట్టేవారు. క్యాలెండర్ మార్చిన ఉగాదికి తాళంచెవి కూడా చెత్తలోకి పోయేది. ఆ తాళం బలహీనమని 2001లోనే ముగ్గురు పరిశోధకులు నిరూపించారు. అయినా పాత కార్డులకు కొత్త డబ్ల్యూపీఏ తాళం తెలియదు కాబట్టి ఇల్లంతా పాతదాని మీదే నడిచేది. ఇంట్లో ముసలి కార్డు ఒక్కటున్నా అందరి తాళమూ దాని స్థాయికి దిగాలి.

చాలామందికి తాళమే అక్కర్లేదనిపించేది. పక్కింటి కుర్రాడు వాడుకుంటే ఏం పోతుంది? 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు వెళ్ళిన ఈమెయిల్ నవీ ముంబైలో తాళం లేని ఒక వైఫై నుంచి వెళ్ళిందని తేలింది. ఆ వార్త పేపర్లలో వచ్చాక ఉస్తాద్‌కు ఊపిరాడలేదు. “భాయ్, మా ఇంట్ల గుడ తాళం ఎయ్యి” అని ఇంటింటి నుంచీ పిలుపే. మిద్దె మీద కూర్చుని పక్కింటి నెట్‌తో సినిమా పాటలు దించుకున్న కుర్రాళ్ళకు అక్కడితో కాలం మారింది.

నెట్టు కావాలంటే నెట్టు

దుకాణానికి వచ్చేవాళ్ళలో ఒక తెగ వేరేగా ఉండేది. భాల్కి, బీదర్ ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే మా చుట్టుపక్కల పిల్లలు. వాళ్ళకు విండోస్ బదులు వాడే లినక్స్ అంటే పిచ్చి. ఉబుంటు అనే లినక్స్ సీడీలు అడిగితే ఊరికే ఇంటికి పంపే ఏర్పాటు 2011 దాకా ఉంది. పోస్టులో వచ్చిన ఆ కవరును వాళ్ళు రెండు చేతులా పట్టుకొచ్చేవారు. సిస్టమ్ ఎక్కేది, తెర వెలిగేది. వైఫై మాత్రం రాదు. బ్రాడ్‌కామ్ చిప్‌లకు లినక్స్ డ్రైవర్ మూలాన్ని కంపెనీ బయటపెట్టలేదు. పనిచేసే డ్రైవర్‌ను విడిగా దించుకోవాలంటే నెట్ ఉండాలి. నెట్ కోసమే కదా డ్రైవర్.

దీనికి ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ అని ఒక ఉపాయం. విండోస్ కోసం రాసిన డ్రైవర్‌నే తెచ్చి లినక్స్‌కు తొడిగేది. పెన్‌డ్రైవ్ పట్టుకుని సైబర్ కేఫ్‌కు పరుగు, ఫైల్ దించుకుని వెనక్కి పరుగు, ఇంకో ఫైల్ కావాలంటే మళ్ళీ పరుగు. ఉస్తాద్‌కు ఇంగ్లిష్ ఆదేశాలు చదవడం రాదు. పిల్లలకు స్క్రూడ్రైవర్ పట్టడం రాదు. ఆయన విప్పేవాడు, వాళ్ళు టైపు చేసేవారు. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థవాళ్ళు తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేశారని నేను విన్నది కూడా ఆ బల్ల దగ్గరే. 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ కొన్ని కొత్త చిప్‌ల డ్రైవర్ మూలాన్ని బయటపెట్టింది. క్రమంగా ఈ పరుగులన్నీ ఆగిపోయాయి.

ఖాళీ అయిన బల్ల

ఈ పని ఒక్కరోజులో ఆగిపోలేదు. ముందు కార్డు లోపలికి వెళ్ళింది. తర్వాత ప్రతి ల్యాప్‌టాప్‌తోనూ వచ్చింది. మధ్యలో కొంతకాలం సిమ్ వేసే నెట్ స్టిక్కులు రాజ్యమేలాయి. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చాక ఫోనే రూటర్ అయింది. ఇప్పుడు చాలా పల్చటి ల్యాప్‌టాప్‌లలో వైఫై చిప్‌ను బోర్డుకే అతికేస్తున్నారు. అది చచ్చిపోతే యూఎస్‌బీ బిళ్ళ తగిలించుకోవాలి, లేదా బోర్డే మార్చాలి.

పోయినదాన్ని తలచుకుని ఏడవడం నాకు ఇష్టం ఉండదు. ఆ కాలంలో కార్డు పెట్టించుకోగలిగినవాళ్ళెందరు? ల్యాప్‌టాప్ ఉన్న ఇల్లు, ఫోన్ లైనున్న ఇల్లు, ఆపైన ఇంకో ఖర్చుకు జంకని ఇల్లు. 2020 లాక్‌డౌన్‌లో బడులు మూసేసినప్పుడు పొలం గట్టున చెట్టు కింద కూర్చుని ఫోన్‌లో పాఠం విన్న పిల్లలకు ఏ ఉస్తాదూ అవసరం పడలేదు. సిగ్నల్ బలం చాలనివాళ్ళు, ఫోనే లేనివాళ్ళు అప్పుడూ ఉన్నారు. కానీ స్క్రూ విప్పేవాడు దొరకనందుకు మాత్రం ఎవరి చదువూ ఆగలేదు.

ఇంకో లాభం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. అప్పట్లో ల్యాప్‌టాప్ ఇవ్వడమంటే అందులోని ఫోటోలు, ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు అన్నీ పరాయి చేతుల్లో పెట్టడమే. ఉస్తాద్‌కు ఒక నియమం ఉండేది. యజమాని బల్ల ఎదురుగా కూర్చుంటేనే మూత తీసేవాడు. రాత్రికి వదిలి వెళ్తానంటే ఒప్పుకునేవాడు కాదు. అన్ని దుకాణాలూ అలా ఉండవు. ఆ భయంతో ఆడపిల్లలు బజారుకు రాకుండా అన్నల్నో తమ్ముళ్ళనో పంపేవారు. తన యంత్రంలో ఏం చెడిందో ఆడపిల్ల తన నోటితో చెప్పే వీలు ఉండేది కాదు. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టి తనే కలుపుకుంటుంది. ఇది చిన్న లాభం కాదు.

మరి పోయింది ఏమిటి? ఎక్కడ చెడిందో వెతికే అలవాటు. కార్డా, తీగా, స్విచ్చా, డ్రైవరా, తాళమా, గోడా? ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ కారణం దగ్గరికి చేరే ఆ పద్ధతిని మాకు ఏ కాలేజీలోనూ అంత బాగా నేర్పలేదు. బల్ల చుట్టూ నిలబడి చూసినవాళ్ళు కూడా సగం నేర్చుకునే వెళ్ళేవారు. ఇప్పుడు నెట్ రాకపోతే ఆపి ఆన్ చేస్తాం. అయినా రాకపోతే కొత్తది కొంటాం. నడుమ ఉన్న మెట్లన్నీ పోయాయి.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘బాగుచేయించుకునే హక్కు’ మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, గృహోపకరణాలు, వాహనాలు దాని జాబితాలో ఉన్నాయి. ఆ ఏడాది చివర్లో ఒక పోర్టల్ కూడా తెచ్చారు. విడిభాగాలు అమ్మాలి, విప్పే పద్ధతి అందరికీ తెలియాలి అన్నది దాని సారం. బయోస్‌లోని ఆ జాబితా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మాకు ఇది కొత్త మాట కాదు. కట్టుబడి ఉండాల్సిన చట్టంగా వస్తేనే లాభం.

ఉస్తాద్ ఇప్పుడు పొలాల్లోని సోలార్ పంపుసెట్ల కంట్రోలర్లు బాగుచేస్తున్నాడు. అవి కూడా పనితీరు తెలియని పెట్టెలుగానే ఊళ్ళోకి వచ్చాయి. ఇద్దరు కుర్రాళ్ళు ఆయన పక్కన కూర్చుని మీటర్ పెట్టి వైరు వైరూ వెతుకుతున్నారు. అసంపూర్తి సరుకు వస్తున్నన్నాళ్ళూ మా బజారుకు పని ఉంటుంది. ఆ పెట్టెలకూ రేపు బంక వేసి మూత అతికేస్తే, నీళ్ళు ఆగిన రోజున రైతు ఎవరిని పిలవాలో ఇప్పుడే అడగాలి.